బ్రేక్ పని ఇంటి దగ్గర చేసుకోవాలంటే: మీ కారుకు ఏ పానా కావాలో ముందు తేల్చుకోండి

చెన్నైలో ఇంటి దగ్గర బ్రేక్ ప్యాడ్లు మార్చడానికి కూర్చున్నవాళ్లు మధ్యలో ఆగిపోయేది ఎక్కువగా బోల్టు దగ్గర. వదులుగా కూర్చున్న సాకెట్ పెట్టి బలంగా తిప్పగానే బోల్టు తల మూలలు అరిగి గుండ్రంగా అయిపోతుంది. అప్పటికి చక్రం ఊడి ఉంటుంది, బండి స్టాండ్ మీద ఉంటుంది, ఆదివారం కాబట్టి షాపులు మూసి ఉంటాయి. తిరువాన్మియూరు, బెసెంట్ నగర్, ఈసీఆర్ (ఈస్ట్ కోస్ట్ రోడ్) వైపు కాపురముండేవాళ్లకు ఈ బెడద మరీ ఎక్కువ. సముద్రపు గాలిలో ఉప్పు ఉంటుంది. కాలిపర్ (ప్యాడ్లను డిస్కు మీద నొక్కే భాగం) బోల్టులు చక్రం వెనకాల తడికీ ధూళికీ ఎదురుగా ఉంటాయి. అందుకే ఊరి లోపలి బండ్ల కన్నా వీటికి తుప్పు త్వరగా పడుతుంది.

కాబట్టి వరస ఇలా పెట్టుకోండి: ముందు బండిని చూడాలి, తర్వాత కొలవాలి, ఆ తర్వాతే కొనాలి. నూటెనిమిది ముక్కల టూల్ బాక్సు కొనేసి దాంట్లో ఏది పడుతుందో వెతకడం మొదలుపెడితే, మీకు కావలసిన రెండు మూడు ముక్కలే అందులో లేవని బండి కింద కూర్చున్నాక తెలుస్తుంది.

మొదట: మీ బండికి ఏ బ్రేకులున్నాయో చూడండి

మన దగ్గర చిన్న కార్లలో చాలావాటికి ముందు డిస్కులు, వెనక డ్రమ్ములు ఉంటాయి. ఖరీదు పెరిగే కొద్దీ వెనక కూడా డిస్కులు వస్తాయి. వెనక డిస్కులుంటే ఒక ప్రశ్న తప్పక వేసుకోండి: హ్యాండ్ బ్రేక్ లివర్ లాగేదా, బటన్ నొక్కేదా? లివర్ అయితే, ఆ కేబుల్ నేరుగా వెనక కాలిపర్‌కే వెళ్తోందో లేదో కింద వంగి చూడండి. బటన్ అయితే అది ఎలక్ట్రానిక్ పార్కింగ్ బ్రేక్. వెనక పిస్టన్ (కాలిపర్ లోపల ఉండి ప్యాడ్‌ను నెట్టే ముక్క) లోపలికి వెళ్లాలంటే ముందు మోటారును, కారు కంప్యూటరుకు తగిలించే స్కానర్‌తో సర్వీస్ మోడ్‌లోకి తీసుకురావాలి. కొన్ని బండ్లలో స్కానర్ లేకుండా బటన్, పెడల్ వరసతో కూడా ఆ మోడ్ వస్తుంది. ఆ పద్ధతి మీ మోడల్ మాన్యువల్‌లో ఉంటేనే చేయండి. సర్వీస్ మోడ్ లేకుండా పిస్టన్‌ను బలవంతంగా నొక్కితే లోపలి గేర్లు పాడవుతాయి, కాలిపర్ మొత్తం కొత్తది వేయాల్సి వస్తుంది.

చక్రం విప్పకుండానే, అల్లాయ్ చువ్వల సందులోంచీ, చక్రం వెనక వైపు నుంచీ ఫోన్ టార్చి వేసి కాలిపర్‌ను నాలుగు కోణాల్లో ఫోటో తీసుకోండి. వెనక వైపు బోల్టు తల ఆరు మూలలదా, లోపల అలెన్ గుంట ఉందా, నక్షత్రం ఆకారమా అన్నది ఆ ఫోటోలో కనిపిస్తుంది. ఆర్‌సీలో ఉన్న ఛాసిస్ నంబరు కూడా రాసి పెట్టుకోండి. ఒకే మోడల్‌లో రెండు రకాల కాలిపర్లు వచ్చిన బండ్లున్నాయి. ప్యాడ్లు కొనేటప్పుడు మోడల్ పేరు కన్నా ఛాసిస్ నంబరునే నమ్మండి.

బ్రేక్ పైపు తుప్పు పట్టి పొలుసులు లేస్తున్నా, డిస్కు లోపలి వైపు ఆయిల్ మరకలున్నా, ఏబీఎస్ లైటు వెలుగుతున్నా ఈ పని ఇంటి దగ్గర మొదలుపెట్టకండి.

బండిని లేపడం, చక్రం విప్పడం

కారుతో పాటు ఇచ్చే కత్తెర జాకీ స్టెప్నీ మార్చడానికి మాత్రమే. బ్రేక్ పనికి రెండు టన్నుల ట్రాలీ జాకీ, రెండు టన్నులు లేదా అంతకు మించి మోయగల జాకీ స్టాండ్ల జత కావాలి. ఈ పనిలో ముందు డబ్బు పెట్టాల్సింది స్టాండ్ల మీదే. ఇటుకలూ, కట్టడానికి వాడే హాలో బ్లాకులూ స్టాండ్ల బదులు వాడకండి. హాలో బ్లాకు ముందుగా ఏ హెచ్చరికా ఇవ్వదు. బరువు ఒక్క మూలన పడగానే పొడి అయిపోతుంది.

నేల సంగతి కూడా చూసుకోండి. అపార్ట్‌మెంట్ స్టిల్ట్ పార్కింగ్‌లో సిమెంటు నేల అయితే మంచిది, వాలు లేని చోటు ఎంచుకోండి. వీధిలో తారు మీద, అందులోనూ మే నెల ఎండలో పని పెట్టుకుంటే స్టాండు కాళ్లు తారులో దిగిపోతాయి. ఒక అడుగు చదరం, ముప్పావు అంగుళం మందం ఉన్న ప్లైవుడ్ ముక్క ఒక్కో స్టాండు కింద వేయండి.

ముందు చక్రాల పని అయితే హ్యాండ్ బ్రేక్ లాగి, ఫస్ట్ గేర్‌లో పెట్టి, వెనక చక్రాలకు రెండు వైపులా చెక్క దిమ్మలు అడ్డం పెట్టండి. వెనక చక్రాల పని అయితే హ్యాండ్ బ్రేక్ వదిలేయాల్సి ఉంటుంది. అప్పుడు ముందు చక్రాలకు పెట్టిన దిమ్మలే మీ ఆధారం, వాటి దగ్గర ఏమరపాటు వద్దు.

చక్రం నట్లు మారుతి, హోండా బండ్లలో ఎక్కువగా 19 మి.మీ., హ్యుందాయ్, టొయోటాల్లో ఎక్కువగా 21 మి.మీ. ఫోక్స్‌వ్యాగన్, స్కోడాల్లో నట్లు ఉండవు. 17 మి.మీ. తల ఉన్న బోల్టులే ఉంటాయి, చక్రాన్ని పట్టుకుంటూ వాటిని ఎక్కించాలి. షాపులో గాలి గన్‌తో బిగించిన నట్లు ఎల్ ఆకారపు పానాకు కదలవు. రెండడుగుల బ్రేకర్ బార్ (సాకెట్ తగిలించే పొడవాటి పిడి), దానికి ఆరు మూలల సాకెట్ తీసుకోండి. చక్రం నేల మీద ఉండగానే నట్లన్నీ అర చుట్టు వదులు చేసి, ఆ తర్వాతే జాకీ ఎత్తండి.

బోల్టు కొలత: పని చెడేదీ, దక్కేదీ ఇక్కడే

ముందు చక్రం కాలిపర్‌లో మీరు విప్పాల్సింది రెండు రకాల బోల్టులు. కాలిపర్‌ను స్లైడ్ పిన్నులకు (కాలిపర్ అటూ ఇటూ జరిగేది వీటి మీదే) పట్టి ఉంచేవి చిన్నవి. జపాన్, కొరియా డిజైన్ బండ్లలో ఇవి ఎక్కువగా 12 లేదా 14 మి.మీ. తలతో ఉంటాయి. ప్యాడ్లు కూర్చునే బ్రాకెట్‌ను నకిల్‌కు (చక్రం హబ్‌ను మోసే ఇనుప భాగం) బిగించేవి పెద్దవి, చాలా చోట్ల 17 మి.మీ. ప్యాడ్లు మాత్రమే మార్చడానికి చిన్న బోల్టులు చాలు. డిస్కు కూడా మార్చాలంటే పెద్దవి విప్పాలి. కొన్ని ఫోక్స్‌వ్యాగన్, స్కోడా, ఫోర్డ్ కాలిపర్లలో బయటికి బోల్టు తలే కనబడదు. రబ్బరు మూత తీస్తే లోపల 7 మి.మీ. అలెన్ గుంట ఉంటుంది. మామూలు అలెన్ కీ సెట్లో 6 తర్వాత 8 వస్తుంది, 7 ఉండదు. 7 మి.మీ. బిట్ సాకెట్ విడిగా అడిగి కొనాలి. 6 పెట్టి తిప్పితే గుంట మూలలు పోతాయి.

సాకెట్లు రెండు రకాలు: లోపల ఆరు మూలలున్నవి, పన్నెండు మూలలున్నవి. పన్నెండు మూలలది ఇరుకులో తొందరగా కూర్చుంటుంది కాబట్టి సుఖంగా అనిపిస్తుంది. కానీ అది బోల్టును మూలల దగ్గర సన్నని గీత మీదే పట్టుకుంటుంది. తుప్పు తిన్న బోల్టుకు ఆ మూలే బలహీనంగా ఉంటుంది. ఆరు మూలల సాకెట్ మూల మీద కాకుండా పక్క ముఖం మీద ఒత్తుతుంది. చెన్నైలో బ్రేక్ పనికి 10, 12, 14, 17 సాకెట్లు ఆరు మూలలవే తీసుకోండి.

అంగుళాల సాకెట్లతో మోసపోకండి. పుదుపేటలో పాత సామాన్లు అమ్మే దుకాణాల్లో, వీధి చివర గోనె మీద పరిచిన టూల్స్‌లో అంగుళాల సాకెట్లు, మిల్లీమీటర్ల సాకెట్లు కలిసిపోయి ఉంటాయి. 9/16 అంగుళం అంటే 14.29 మి.మీ. చేతికి 14 లాగే అనిపిస్తుంది, బోల్టు మీద కూర్చుంటుంది కూడా. బలం పెట్టినప్పుడే జారుతుంది. అర అంగుళం అంటే 12.7 మి.మీ., 12 బోల్టు మీద ఇంకా ఘోరం. సాకెట్ పక్కన చెక్కిన అంకె చదవండి, చెరిగిపోయి ఉంటే వెర్నియర్‌తో (దవడల మధ్య పట్టి కొలిచే పరికరం) ఎదురెదురు ముఖాల మధ్య కొలవండి.

సరిపడే సాకెట్‌ను గుర్తుపట్టడం ఇలా. బోల్టు తల మీద తుప్పును ముందు వైర్ బ్రష్‌తో గీకేయండి. పొర ఉండగా సాకెట్ సగం లోతుకే దిగుతుంది, ఆ సగం లోతులో తిప్పడం వల్లే ఎక్కువ బోల్టులు పోతాయి. శుభ్రం చేశాక సాకెట్ పెట్టి అరచేత్తో ఒక్కసారి తట్టండి. అడుగుదాకా దిగి టక్కున ఆగాలి. అప్పుడు వేళ్లతో అటూ ఇటూ ఊపండి. వెంట్రుక వాసి ఆట ఉంటే ఫర్వాలేదు. సాకెట్ ఊగుతూ, తిప్పిన వైపు కొంచెం ఖాళీగా తిరిగి ఆ తర్వాత బోల్టును పట్టుకుంటే అది తప్పు కొలత. ఒక నంబరు తగ్గించి చూడండి.

ముందు రోజు సాయంత్రమే తుప్పు వదిలించే నూనె స్ప్రే బోల్టు మొదట్లో రెండు చుక్కలు పడేలా కొట్టండి. డిస్కు మీదా ప్యాడ్ల మీదా పడకుండా గుడ్డ అడ్డం పెట్టండి. మర్నాడు బోల్టు తల మీద సుత్తితో చిన్నగా నాలుగు దెబ్బలు వేసి, మొదట వెంట్రుక వాసి బిగించే వైపు, ఆ తర్వాత వదులు చేసే వైపు తిప్పండి. కదిలితే మళ్లీ నూనె వేసి ముందుకూ వెనక్కూ తిప్పుతూ తీయండి. గ్యాస్ టార్చి మంటతో కాల్చకండి. పక్కనే రబ్బరు బూటు, దాని వెనకే బ్రేక్ ఆయిల్ ఉన్నాయి.

చిన్న బోల్టు విప్పేటప్పుడు దానితోపాటు స్లైడ్ పిన్ను కూడా తిరుగుతుంటే, పిన్ను మెడ దగ్గర చదునుగా ఉన్న చోట సన్నని డబుల్ ఎండ్ పానాతో పట్టుకోండి. మామూలు పానా మందంగా ఉండి ఆ సందులో దూరదు. సన్నది దొరక్కపోతే సైకిల్ షాపులో వాడే కోన్ స్పానర్ చూడండి, కొలత కలిస్తే అదే పని చేస్తుంది.

డిస్కు మార్చాల్సి వస్తే హోండా, హ్యుందాయ్ బండ్లలో దాన్ని హబ్‌కు పట్టి ఉంచే చిన్న ప్లస్ స్క్రూలు రెండు ఎదురవుతాయి. మామూలు స్క్రూడ్రైవర్ వీటి మీద పైకి లేచి జారుతుంది, గాడి చెక్కుకుపోతుంది. సుత్తితో కొట్టగానే తానే తిరిగే చేతి ఇంపాక్ట్ డ్రైవర్, దానికి 3వ నంబరు బిట్ కావాలి. సుత్తి దెబ్బ బిట్‌ను గాడిలోకి నొక్కి ఉంచుతూనే స్క్రూను తిప్పుతుంది.

డిస్కు మందం: వెర్నియర్ అబద్ధం చెప్పే చోటు

డిస్కు అంచు మీద కానీ హబ్ దగ్గర కానీ కనీస మందం అంకె చెక్కి ఉంటుంది, ముందు మిన్ అన్న అక్షరాలుంటాయి. అంతకన్నా పలచబడితే డిస్కు మార్చాల్సిందే. కొలిచేటప్పుడు ఒక చిక్కుంది. ప్యాడ్ తగలని బయటి అంచు అరగదు, పైగా తుప్పు పట్టి గట్టులా లేస్తుంది. వెర్నియర్ దవడలు ఆ గట్టు మీద ఆగి మందం ఎక్కువగా చూపిస్తాయి. రెండు ఒకే రకం నాణేలు తీసుకుని, డిస్కుకు రెండు వైపులా గట్టుకు లోపల ఒక్కొక్కటి ఆనించి, వాటి మీద వెర్నియర్ పెట్టండి. వచ్చిన దాంట్లోంచి రెండు నాణేల మందం తీసేయండి. నాణేల మందం కూడా అదే వెర్నియర్‌తో కొలవండి, అప్పుడు దాని తప్పు ఏదైనా ఉంటే చాలావరకు రద్దవుతుంది.

ప్యాడ్ లైనింగు 3 మి.మీ.కి వచ్చిందంటే మార్చేయండి. వెనక ఇనుప పలక మందాన్ని ఇందులో కలపకండి.

పిస్టన్ లోపలికి నొక్కడం

కొత్త ప్యాడ్ మందంగా ఉంటుంది కాబట్టి పిస్టన్ వెనక్కి వెళ్లాలి. ముందు కాలిపర్‌కు ఖరీదైన టూల్ ఏదీ అక్కర్లేదు. ఆరంగుళాల సి క్లాంప్, పాత ప్యాడ్ చాలు. ప్యాడ్‌ను పిస్టన్ మీద పెట్టి, దాని మీద క్లాంప్ స్క్రూ ఆనించి మెల్లగా తిప్పండి. ప్యాడ్ లేకుండా నేరుగా నొక్కితే పిస్టన్ ఒక పక్కకు వాలి సిలిండరు గోడను గీకుతుంది. నొక్కేముందు బానెట్ తెరిచి బ్రేక్ ఆయిల్ డబ్బా చూడండి. గరిష్ఠ గీత దాకా ఉంటే సిరంజితో కొంత తీసేయండి. లేకపోతే వెనక్కి వచ్చిన ఆయిల్ పొంగి పెయింటు మీద పడుతుంది. పడితే తుడవడంతో ఆగకండి, వెంటనే నీళ్లు పోసి కడగండి.

కాలిపర్‌ను రబ్బరు గొట్టానికి వేలాడనివ్వకండి. పాత ఇనుప హ్యాంగర్‌ను ఎస్ ఆకారంలో వంచి స్ప్రింగుకు తగిలించండి.

వెనక కాలిపర్‌కు హ్యాండ్ బ్రేక్ కేబుల్ వచ్చి ఉంటే సి క్లాంప్‌ను పక్కన పెట్టేయండి. ఆ పిస్టన్ లోపల మర ఉంటుంది. దాన్ని తిప్పుతూ నొక్కాలి. పిస్టన్ ముఖం మీద రెండు కానీ నాలుగు కానీ గాళ్లు కనిపిస్తాయి. ఘనం ఆకారంలో ఆరు ముఖాల మీద పిన్నులుండే చిన్న టూల్ చవక, కానీ అది తిప్పడమే తప్ప నొక్కదు. చేత్తో ఒత్తుతూ తిప్పేసరికి పిన్నులు గాళ్లలోంచి జారతాయి. ప్లేటు, స్క్రూ ఉన్న విండ్ బ్యాక్ కిట్ తీసుకోండి. దాంట్లో కుడి మర, ఎడమ మర స్క్రూలు రెండూ ఉన్నాయో లేదో డబ్బా తెరిచి చూసి కొనండి. కొన్ని బండ్లలో ఒక వైపు కాలిపర్ అటు, రెండో వైపుది ఇటు తిరుగుతుంది.

తిప్పేటప్పుడు కన్ను రబ్బరు బూటు మీద ఉండాలి. పిస్టన్‌తో పాటు బూటు కూడా మెలికపడి ముడతలు తేలుతుంటే ఆపండి. బూటు పెదవి కిందికి కాస్త సిలికాన్ గ్రీజు పోనిచ్చి, మెలిక విడిపించి మళ్లీ తిప్పండి. మెలికలోనే లాగితే బూటు చిరుగుతుంది. వచ్చే వానాకాలంలో ఆ చిరుగులోంచే నీళ్లు వెళ్లి పిస్టన్ పట్టేస్తుంది. పూర్తిగా లోపలికి వెళ్లాక పిస్టన్ గాడిని ప్యాడ్ వెనక ఉన్న బొడిపెకు ఎదురుగా వచ్చేలా తిప్పి ఆపండి. అలా కలవకపోతే ప్యాడ్ వంకరగా కూర్చుని ఒక మూలే అరుగుతుంది.

వెనక డ్రమ్ములు

డ్రమ్ము రాకపోతే సుత్తితో అంచు మీద బాదకండి, పోత ఇనుము చిట్లుతుంది. చాలా డ్రమ్ముల ముఖం మీద మర ఉన్న రెండు రంధ్రాలుంటాయి, ఎక్కువగా ఎం8, 1.25 మర. ఆ కొలతలో నలభై మి.మీ. పొడవు బోల్టులు రెండు కొనుక్కుని, ఒకటి అర చుట్టు, రెండోది అర చుట్టు చొప్పున మార్చి మార్చి బిగిస్తే డ్రమ్ము తనంతట తాను బయటికి వస్తుంది. అప్పటికీ రాకపోతే షూలు (డ్రమ్ములో ప్యాడ్ల పని చేసేవి) డ్రమ్ము లోపలి గట్టును పట్టుకున్నాయని అర్థం. వెనక ప్లేటులో ఉన్న రంధ్రంలోంచి సన్నని స్క్రూడ్రైవర్‌తో, షూల ఎడం సర్దే అడ్జస్టరును వదులు చేయండి. కొన్ని మారుతి చిన్న కార్లలో డ్రమ్ములోనే హబ్ బేరింగు ఉంటుంది. మధ్యలో మూత తీసి పెద్ద నట్టు విప్పి, స్లైడ్ హ్యామర్‌తో లాగాలి. ఆ టూల్ ఒక్కసారి కోసం కొనడం దండగ. అలాంటి బండి అయితే వెనక పని మెకానిక్‌కు ఇచ్చి ముందు పని మీరు చేసుకోండి.

షూలను పట్టి ఉంచే చిన్న స్ప్రింగు మూతలను ముక్కు పట్టకారుతో తిప్పాలని చూస్తే అది జారి స్ప్రింగు ఎగురుతుంది. గిన్నెలాంటి నోరున్న స్క్రూడ్రైవర్ ఆకారపు టూల్ ఒకటి దొరుకుతుంది, దాన్ని మూత మీద పెట్టి నొక్కి పావు చుట్టు తిప్పితే చాలు. కళ్లద్దాలు పెట్టుకోండి. రెండు వైపులా ఒకేసారి విప్పకండి. ఏ స్ప్రింగు ఎటు వెళ్లాలో తెలియనప్పుడు రెండో వైపే మీ పటం. ఎడమ, కుడి అడ్జస్టర్ల మర వేరు, కలిపేస్తే బ్రేక్ బిగుసుకునే బదులు వదులవుతూ పోతుంది.

లోపలి పొడిని గాలితో కానీ నోటితో కానీ ఊదకండి. మాస్కు వేసుకుని, బ్రేక్ క్లీనర్‌తో కానీ సబ్బు నీళ్లతో కానీ తడిపి తుడవండి. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా వానల్లో నీళ్లలో నడిచిన బండి అయితే డ్రమ్ము అడుగున బురద పేరుకుని ఉంటుంది, అదంతా కడిగేయండి. పెట్రోలు, కిరోసిన్ వద్దు. రబ్బరు పాడవుతుంది, జిడ్డు మిగులుతుంది.

ఆయిల్ మార్చినా, గాలి తీసినా

ప్యాడ్లు మాత్రమే మారిస్తే పైపులు విప్పక్కర్లేదు, వాటిలో చేరిన గాలి తీయాల్సిన అవసరమూ లేదు. గొట్టం మార్చాల్సి వస్తే మాత్రం మామూలు డబుల్ ఎండ్ పానాతో పైపు నట్టును ముట్టకండి. అది మెత్తని చిన్న నట్టు, రెండు ముఖాల మీదే పట్టు దొరికితే నలిగిపోతుంది. రింగ్ పానాకు పైపు అడ్డొస్తుంది. దీనికోసమే ఫ్లేర్ నట్ స్పానర్ ఉంది. రింగ్ పానాలా చుట్టూ పట్టుకుంటుంది, ఒక పక్క పైపు దూరేంత కోత ఉంటుంది. జపాన్, కొరియా బండ్లకు ఎక్కువగా 10, యూరప్ బండ్లకు 11. హార్డ్‌వేర్ షాపులో పేరు చెబితే చాలాసార్లు మామూలు రింగ్ స్పానర్ తెచ్చి పెడతారు. ఆ కోతను వేలితో చూపించి, బ్రేక్ పైపుకని చెప్పండి.

గాలి తీసే నిపిల్ 8, 10 లేదా 11 ఉంటుంది. లోపల బోలుగా ఉండే చిన్న ముక్క అది, బలం ఎక్కువైతే విరుగుతుంది. మొదటి కదలికకు ఆరు మూలల పొడవు సాకెట్ పెట్టండి. కదిలాక రింగ్ పానాకు మారి, నిపిల్ మీద పారదర్శకమైన గొట్టం తొడిగి, రెండో కొన సీసాలోని ఆయిల్‌లో ముంచండి. లోపల కూర్చున్న మనిషి పెడల్ తొక్కి పట్టుకోవాలి, మీరు నిపిల్ తెరిచి మూశాక చెబితేనే వదలాలి. పాత బండి అయితే పెడల్ కింద ఒక చెక్క ముక్క పెట్టండి. రోజూ పెడల్ అంత లోతుకు వెళ్లదు కాబట్టి పెడల్ బలాన్ని ఆయిల్‌కు అందించే మాస్టర్ సిలిండరులో ఆ చివర తుప్పు, మడ్డి పట్టి ఉంటాయి. పూర్తిగా తొక్కితే రబ్బరు సీళ్లు ఆ గరుకు మీద గీసుకుపోతాయి. ఏ చక్రం ముందు, ఏది తర్వాత అన్నది బండిని బట్టి మారుతుంది, మాన్యువల్ చూడండి. డబ్బాలో ఆయిల్ మధ్యలో అయిపోకుండా చూసుకోండి, గాలి దూరితే మొదటికొస్తుంది.

ఆయిల్ డబ్బా మూత మీద డాట్ 3 అనో డాట్ 4 అనో బ్రేక్ ఆయిల్ రకం రాసి ఉంటుంది. కొత్త డాట్ 3 ఆయిల్ మరిగే వేడి కనీసం 205 డిగ్రీల సెల్సియస్ ఉండాలి. 3.7 శాతం నీరు పీల్చుకున్నాక ఆ కనీస హద్దు 140. డాట్ 4కు 230, 155. ఈ ఆయిల్ గాలిలో తేమను లాగుతుంది. చెన్నై తేమలో, సగం వాడి మూత పెట్టి అటకెక్కించిన సీసాను మళ్లీ వాడకండి. సీలు వేసిన చిన్న సీసాలే కొనండి. డాట్ 5 సిలికాన్ ఆయిల్, దాన్ని వీటితో కలపకూడదు.

గ్రీజు, బిగింపు

స్లైడ్ పిన్నులకు బేరింగు గ్రీజు పూయకండి. పెట్రోలియం గ్రీజుకు రబ్బరు బూటు ఉబ్బి పిన్నును పట్టేస్తుంది. అప్పుడు ఒక ప్యాడ్ మాత్రమే అరిగిపోతుంది, డిస్కు వేడెక్కుతుంది. బ్రేక్ పిన్నులకని రాసి ఉన్న సిలికాన్ గ్రీజు పలచగా చాలు. పిన్ను గూడు నిండా కూరితే గాలి ఇరుక్కుని పిన్ను వెనక్కి తన్నుకొస్తుంది.

టార్క్ రెంచ్ (బోల్టును చెప్పినంత బలంతోనే బిగించే పానా) ఒక్కటే కొనగలిగితే అర అంగుళం చతురస్రం ఉన్న 20 నుంచి 110 న్యూటన్ మీటర్ల రకం తీసుకోండి. చాలా చిన్న కార్లలో స్లైడ్ బోల్టులు 25 నుంచి 35, బ్రాకెట్ బోల్టులు 80 నుంచి 110, చక్రం నట్లు 85 నుంచి 120 మధ్య ఉంటాయి. మీ బండికి సరైన అంకె సర్వీస్ మాన్యువల్‌లోది, అది 110 దాటితే ఈ రెంచ్ చాలదు. పెద్ద రెంచ్ దాని పరిధి అడుగు భాగంలో నమ్మదగ్గది కాదు. పైగా 40 నుంచి 200 దాకా ఉన్నదాంతో స్లైడ్ బోల్టు బిగించనే లేరు. మాన్యువల్‌లో కిలోగ్రాము మీటర్లలో ఇస్తే 9.8తో గుణించండి. టక్కుమన్నాక ఇంకోసారి లాగకండి. పని అయ్యాక సెట్టింగును అడుగు అంకెకు తిప్పి పెట్టండి. విప్పడానికి దీన్ని ఎప్పుడూ వాడకండి, దానికి బ్రేకర్ బార్ ఉంది.

ఎక్కడ కొనాలి

ప్యాడ్లు, షూలు, గ్రీజు, ఆయిల్‌కు జనరల్ ప్యాటర్స్ రోడ్. అందరూ జీపీ రోడ్ అంటారు. పాత ప్యాడ్ ఒకటి చేతిలో పట్టుకెళ్తే ఆకారం పోల్చుకోవచ్చు. పానాలకు, సాకెట్లకు ప్యారీస్ కార్నర్ చుట్టుపక్కల హార్డ్‌వేర్ వీధులు మంచివి. మనం పానా అన్నది అక్కడ స్పానర్. నంబరు, ఆరు మూలలా పన్నెండా అన్నది చెప్పండి. మన ఊళ్లలో దొరికే టపారియా లాంటి కంపెనీ రకం ఇంటి వాడకానికి సరిపోతుంది. పుదుపేటలో సెకండ్ హ్యాండ్ సాకెట్ లోపలి మూలలు పదునుగా ఉంటే తీసుకోవచ్చు. జాకీ, స్టాండ్లు, టార్క్ రెంచ్ మాత్రం సెకండ్ హ్యాండ్ వద్దు. వాటి లోపల ఏం పోయిందో బయటికి కనబడదు. ఇంటికి తెచ్చాక గుడ్డకు కాస్త మెషిన్ ఆయిల్ రాసి అన్నీ తుడిచి పెట్టండి, డిక్కీలో వదిలేస్తే ఈ గాలికి ఒక్క వానాకాలంలోనే తుప్పు మొదలవుతుంది.

బండి కదిలించే ముందు

చక్రాలు బిగించి కిందికి దించాక, ఇంజిను వేయకుండానే పెడల్‌ను గట్టిపడేదాకా మెల్లగా తొక్కండి. పిస్టన్ వెనక్కి నొక్కారు కాబట్టి మొదటి రెండు మూడు తొక్కులు నేలదాకా వెళ్తాయి. ఈ మాట మరచిపోయి రివర్స్ వేసినవాళ్ల బండి పార్కింగ్ స్తంభానికి తగులుతుంది. ఆయిల్ మట్టం చూసి మూత పెట్టండి. ఇంజిను వేసి, పెడల్ తొక్కి అర నిమిషం పట్టుకోండి. మెల్లగా దిగుతూ పోతుంటే ఎక్కడో కారుతోంది, లేదా మాస్టర్ సిలిండరు పట్టడం లేదు. అలాంటి బండిని రోడ్డు మీదికి తేవద్దు.

తెల్లవారుజామున ఖాళీ రోడ్డు మీద గంటకు 50 కి.మీ. నుంచి 10కి ఎనిమిది పదిసార్లు నిదానంగా తగ్గించండి, మధ్యలో అర నిమిషం చల్లారనివ్వండి. పూర్తిగా ఆపి పెడల్ పట్టుకుని కూర్చోకండి, వేడి డిస్కు మీద ప్యాడ్ ముద్ర పడి తర్వాత పెడల్ వణుకుతుంది. ఇంటికొచ్చాక ఒక్కో చక్రం దగ్గర చెయ్యి పెట్టి వేడి పోల్చండి, డిస్కును మాత్రం తాకకండి. ఒకటి మిగతా వాటికన్నా చాలా వేడిగా ఉంటే ఆ వైపు స్లైడ్ పిన్ను పట్టేసి ఉంటుంది, మళ్లీ విప్పండి. వంద కిలోమీటర్లు తిరిగాక టార్క్ రెంచ్ తీసి, చల్లగా ఉన్న చక్రాల నట్లు ఒక్కొక్కటీ అదే అంకెకు పట్టి చూడండి.